34 స్క్వేర్ల రూఫ్, 20 గజాల డంప్‌స్టర్: నా అనుభవం

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఊళ్లలో వడగళ్ల వాన పడ్డాక రూఫ్ మార్పించుకునేవాళ్లలో చాలామందికి డంప్‌స్టర్ (చెత్త వేసి లారీతో ఎత్తించే పెద్ద ఇనుప డబ్బా) గురించి ఆలోచించే పనే ఉండదు. రూఫర్ కొటేషన్‌లో 'టేరాఫ్, డిస్పోజల్' (పాతది పీకడం, పారేయడం) అని ఒక ముక్క ఉంటుంది. పాత పెంకులు ఎటు పోయాయో మనం చూడం. మేం షింగిల్స్ (రూఫ్ మీద పెంకుల్లా కొట్టే తారు పలకలు) సప్లయర్ దగ్గర సొంతంగా కొని, లేబర్ మాత్రం కాంట్రాక్టుకి ఇచ్చాం. దాంతో పాత రూఫ్‌ని సాగనంపే పని మా నెత్తిన పడింది. ఇలా విడివిడిగా చేయించుకునేవాళ్లు చెత్త ఎత్తించడం ఎవరి బాధ్యతో ముందే కాంట్రాక్టు కాగితంలో రాయించుకోవాలి. లేకపోతే ఒకే చెత్తకు రెండుసార్లు కడతారు. ఒకటి రూఫర్ రేటులో కలిసిపోయి ఉంటుంది, రెండోది డంప్‌స్టర్ బిల్లు. టెక్సాస్‌లో రూఫర్లకు రాష్ట్ర లైసెన్సు అంటూ ఏదీ లేదు కాబట్టి ఆ కాగితం మీద ఉన్నదే మీకు ఆధారం.

డంప్‌స్టర్‌ని గజాల లెక్కన అద్దెకిస్తారు, బిల్లు మాత్రం టన్నుల లెక్కన పెరుగుతుంది. తిరకాసంతా అక్కడే. 10, 15, 20, 30, 40 అని సైజులుంటాయి. ఇవి మన ప్లాట్ల గజాలు కావు, ఘన గజాలు. అంటే ఒక్కో గజానికి 27 ఘనపుటడుగులు. పాత సోఫాలు, కార్పెట్లు, చెట్ల కొమ్మలు పారేసేవాళ్లకు గజాలు చూసుకుంటే చాలు. షింగిల్స్ సంగతి వేరు. గడ్డి లారీ కంటికి కొండలా కనిపిస్తుంది, ఇటుకల లారీ తొట్టి సగం ఖాళీగా ఉన్నా టైర్లు అణిగిపోయి ఉంటాయి. రూఫ్ చెత్త రెండో రకం. డబ్బాలో ఇంకా చోటుండగానే బరువు పరిమితి దాటిపోతుంది. అందుకే ఫోన్ చేసేముందు బరువు లెక్క వేసుకోవాలి.

రూఫ్ వాళ్ల భాషలో స్క్వేర్ అంటే 100 చదరపు అడుగులు. ఇల్లు కొన్నప్పుడు లిస్టింగ్‌లో రాసిన చదరపు అడుగులు ఇక్కడ పనికిరావు. అందులో పై అంతస్తు కలిసి ఉంటుంది, గరాజ్, వరండా, చూరు ఉండవు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటే ఇంటి నీడ నేల మీద ఎంత మేర పడుతుందో అంత కావాలి. చూరు అంచు నుంచి అవతలి చూరు అంచు దాకా కొలవాలి. మా ఇంటికి అది 56 అడుగులు, 48 అడుగులు, అంటే 2,688 చదరపు అడుగులు. దీన్ని వాలుకు తగ్గట్టు హెచ్చించాలి. 12 అంగుళాలు అడ్డంగా వెళ్తే 4 అంగుళాలు లేచే వాలుకు 1.054తో, 6 లేస్తే 1.118తో, 8 లేస్తే 1.202తో, 12 లేస్తే 1.414తో.

వాలు కొలవడానికి రూఫ్ ఎక్కక్కర్లేదు. అటక ఎక్కి, రసమట్టం ఒక చివరను వాసం అడుగుకి ఆనించి, బుడగ నడిమికి వచ్చేదాకా సర్దాలి. ఆనించిన చివర నుంచి 12 అంగుళాలు జరిగి, అక్కడి నుంచి వాసం దాకా నిట్టనిలువుగా టేపు పెడితే ఎన్ని అంగుళాలు వస్తే అదే వాలు. మాకు 8 వచ్చింది. 2,688ని 1.202తో హెచ్చిస్తే 3,231, అంటే 32.3 స్క్వేర్లు. కొప్పు మీద, మూలల వెంట వేసిన క్యాప్ ముక్కలు, చూరు అంచున ఉండే స్టార్టర్ వరస కూడా ఊడి వస్తాయి. అవన్నీ కలిపి 34 అనుకున్నాం.

ఇక స్క్వేర్ బరువు. పాత త్రీ-టాబ్ రకం (ఒకే పొర, పలచనిది) 200 నుంచి 250 పౌండ్లు తూగుతుంది. ఇప్పుడు ఎక్కువ ఇళ్ల మీద కనిపించే ఆర్కిటెక్చరల్ రకం (పొరలు అతికించిన మందమైనది) 250 నుంచి 350 దాకా ఉంటుంది, బాగా మందమైనవి 400 కూడా దాటుతాయి. ఇంత తేడా ఉన్నప్పుడు సగటు తీసుకుంటే టన్నుకి పైగా తప్పు వస్తుంది. మా గరాజ్‌లో ఇదివరకటి యజమాని వదిలేసిన కట్ట ఒకటి, విప్పనిది, మూల పడి ఉంది. బాత్‌రూమ్ స్కేలు మీద పెడితే 83 పౌండ్లు. మూడు కట్టలు ఒక స్క్వేర్, అంటే 249. కింద పరిచిన ఫెల్ట్ (తారు కాగితం), మేకులు, గోడ అంచుల రేకులు, నీరు దిగకుండా పైపుల చుట్టూ తొడిగే 'బూట్లు' కలిపి ఇంకో 20 వేసి, స్క్వేర్‌కు 270 పౌండ్లు అని పెట్టుకున్నాం. 34 స్క్వేర్లకు 9,180 పౌండ్లు. అమెరికా టన్ను 2,000 పౌండ్లే కాబట్టి 4.59 టన్నులు. షింగిల్స్ కింద చెక్క ఎంత పుచ్చిందో పీకేదాకా తెలియదు. అటకలో నీటి మరకలు చూసి ఎనిమిది షీట్లు పోతాయనుకున్నాం. 7/16 అంగుళం మందం ఓఎస్‌బీ షీటు (చెక్క ముక్కలు అతికించి చేసిన పలక) 46 నుంచి 48 పౌండ్లు, ఎనిమిదికి దాదాపు 380. మొత్తం 4.8 టన్నులు.

ఈ లెక్కను తలకిందులు చేసేది ఒకటుంది, రెండో పొర. పాత షింగిల్స్ పీకకుండా పైనే కొత్తవి కొట్టించుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఇళ్ల కోడ్ ప్రకారం ఇప్పటికే రెండు పొరలుంటే మూడోది వేయకూడదు, అన్నీ పీకాల్సిందే. రెండు పొరలుంటే బరువు రెట్టింపు. పాత ఇళ్లలో అడుగున దేవదారు చెక్క పెంకులు కూడా బయటపడుతుంటాయి. నిచ్చెన వేసుకుని చూరు పక్క అంచున, డ్రిప్ ఎడ్జ్ రేకుని కొద్దిగా ఎత్తి చూస్తే పొరలు లెక్కపెట్టొచ్చు. ముందు వైపు చూడకండి. అక్కడ స్టార్టర్ వరస ఉంటుంది కాబట్టి ఒక పొర ఉన్నా రెండున్నట్టు కనిపిస్తుంది. ఇల్లు 1980కి ముందు కట్టినదైతే పాత ఫెల్ట్‌లో, రేకుల చుట్టూ పూసిన నల్ల మాస్టిక్ జిగురులో ఆస్బెస్టాస్ ఉండే వీలుంది. అలాంటప్పుడు ముక్క ల్యాబ్‌లో చూపించాకే డబ్బా మాట. మా ఇల్లు అంత పాతది కాదు, ఆ బెడద లేకపోయింది.

బరువు చేతిలో ఉంటే ఫోన్‌లో మాట్లాడటం తేలిక. మాకు వచ్చిన మూడు రేట్లు ఇవి. ఒకరు 20 గజాలది 480 డాలర్లు అన్నారు, అందులో 2 టన్నులు కలిసి ఉంటాయి, ఆపైన టన్నుకు 85. ఇంకొకరు 'రూఫింగ్ బాక్స్' పేరుతో అదే 20 గజాలది 595కి ఇస్తామన్నారు, 4 టన్నులు కలిపి, ఆపైన టన్నుకు 70. మూడోది 30 గజాలది, 640కి, అందులోనూ 4 టన్నులే, ఆపైన టన్నుకు 70. పైపైన చూస్తే 480ది చవక. 5 టన్నుల దగ్గర లెక్క వేస్తే మొదటిది 735, రెండోది 665, మూడోది 710. మనకు కావాల్సింది ఇలా చివరికి తేలే మొత్తం, అందుకే రెండోది తీసుకున్నాం. ఫోన్‌లో మొదటి మాటగా వాళ్లు చెప్పేది మాత్రం అద్దె అంకె. ఎన్ని టన్నులు కలిసి ఉన్నాయి, ఆపైన టన్నుకి ఎంత, ఆ అదనాన్ని టన్నులో భాగాల లెక్కన వేస్తారా, లేక ఏ కాస్త దాటినా నిండు టన్నుకి పైకి సవరిస్తారా అని మనమే నోరు తెరిచి అడగాలి. 4.1 టన్నులు తూగితే 7 డాలర్లు కడతామా 70 కడతామా అన్నది ఈ మూడో ప్రశ్న మీదే ఉంటుంది.

పెద్దది తీసుకుంటే నిశ్చింత అనుకుని 30 గజాలది తెప్పించేవాళ్లున్నారు. రూఫ్ వరకు అది ఉత్త దండగ. పీకిన షింగిల్స్ సుమారు రెండున్నర స్క్వేర్లకు ఒక ఘన గజం ఆక్రమిస్తాయి. మా 34కి 14 గజాల లోపే. చెక్క ముక్కలు, కొత్త కట్టల ప్లాస్టిక్, రెండు మూడు ప్యాలెట్లు కలిపినా 20 దాటదు. 30 గజాల డబ్బాని అంచు దాకా షింగిల్స్‌తో నింపితే 10 టన్నులు దాటుతుంది, అంత బరువు ఎత్తం అని డ్రైవరు వెళ్లిపోతాడు. పైగా దాని గోడలు 6 అడుగుల ఎత్తు, కింద పడ్డ చెత్తను పారతో ఎత్తి లోపల వేసేవాడి భుజాలు పడిపోతాయి. 20 గజాలది సుమారు 22 అడుగుల పొడవు, ఏడున్నర వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఉంటుంది. నేల మీద నిలబడి తేలిగ్గా వేయొచ్చు. ఇక బ్యాగ్‌స్టర్, అంటే డబ్బాకి బదులు చెత్త వేసి ఎత్తించుకునే పెద్ద సంచి. దాని పరిమితి 3 ఘన గజాలు, 3,300 పౌండ్లు. పెరట్లో షెడ్డు రూఫ్‌కి బాగుంటుంది, ఇంటికి ఐదారు సంచులు కావాలి.

అనుమతుల సంగతి క్లుప్తంగా. సొంత డ్రైవ్‌వే మీద పెట్టుకుంటే సాధారణంగా సిటీ పర్మిట్ అడగరు, వీధిలో పెడితే అడుగుతారు. కొన్ని ఊళ్లలో సిటీతో ఒప్పందం ఉన్న కంపెనీ డబ్బానే పెట్టాలన్న నియమం ఉంటుంది. పక్క ఊరి కంపెనీ చవకగా ఇస్తానన్నా అక్కడ చెల్లదు. సిటీ చెత్త విభాగానికి ఒక్క ఫోన్ చేస్తే తేలిపోతుంది. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లను షింగిల్ రంగు అనుమతి ఎలాగూ అడుగుతాం కాబట్టి అదే మెయిల్‌లో డంప్‌స్టర్ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉంటుందో కూడా రాసేయండి.

ఎక్కువమంది దెబ్బతినేది డ్రైవ్‌వే దగ్గర. డబ్బా తెచ్చే రోల్‌ఆఫ్ లారీ, ఖాళీ డబ్బా కలిపితేనే 17 టన్నుల దాకా ఉంటుంది. లారీ వెనక్కి వచ్చి, పట్టాలు పైకి లేపి, డబ్బాని జార్చుతుంది. మొదట డబ్బా వెనక చక్రాలు నేలకి తాకుతాయి, ఆ తర్వాత లారీ ముందుకి కదులుతూ ముందు భాగాన్ని దించుతుంది. ఆ చక్రాలు మన లారీ చక్రాల్లాంటివి కావు, గుండ్రటి ఇనుప గొట్టాలు. ఖాళీగా దిగేటప్పుడు గీతలు పడతాయి. నిండాక ఎత్తేటప్పుడు లారీ డబ్బా ముందు భాగాన్ని పైకి లాగుతుంది, మొత్తం బరువులో పెద్ద వాటా ఆ రెండు ఇనుప చక్రాల మీదకి వస్తుంది. 4 అంగుళాల కాంక్రీటు డ్రైవ్‌వే పగిలేది అప్పుడే. తారు డ్రైవ్‌వే అయితే జూన్ ఎండకు మెత్తబడి గుంటలు పడతాయి.

దానికి మందు పలకలే. ముప్పావు అంగుళం ప్లైవుడ్ షీట్లు నాలుగు, ఒక్కోటి 4 అడుగులకు 8 అడుగులది, కొని పెట్టుకున్నాం. వాటిని డబ్బా పొడవు వెంబడి పరవాలి, అడ్డంగా కాదు. చక్రం దొర్లే దారి పొడవునా కింద పలక ఉండాలి, ఎత్తేటప్పుడు డబ్బా రెండు మూడు అడుగులు జరుగుతుంది కదా. వెనక చక్రాల కింద రెండు షీట్లు, డబ్బా ముందు భాగం ఆనేచోట రెండు. డ్రైవర్లు సాధారణంగా పలకలు తీసుకురారు, వచ్చాక 'మీ దగ్గరున్నాయా' అని అడుగుతారు, లేవంటే నేల మీదే దించేస్తారు. బుకింగ్ కాగితంలో డ్రైవ్‌వేకి ఏమైనా మాకు సంబంధం లేదు అని ముందే సంతకం పెట్టించుకుంటారు కూడా. లారీ టైర్ల కింద మాత్రం పలకలు నిలవవు. అవి కాలిబాట మూల మీద నుంచి కాకుండా డ్రైవ్‌వే నడిమధ్య నుంచి రావాలి. అందుకని రెండు పక్కలా స్ప్రింక్లర్ తలల దగ్గర, నీటి మీటర్ మూత దగ్గర చిన్న జెండాలు పాతాం.

పైన కూడా చూసుకోవాలి. పట్టాలు లేచినప్పుడు 23 నుంచి 25 అడుగుల ఎత్తు కావాలి. కరెంటు తీగ, చెట్టు కొమ్మ, బాస్కెట్‌బాల్ స్తంభం, ఏది అడ్డమున్నా పని జరగదు. ముందు వైపు లారీ, డబ్బా రెండూ పట్టేలా 60 అడుగుల తిన్నని దారి ఉండాలి, వీధిలో ఎదురుగా పక్కింటివాళ్ల కారు ఆగి ఉండకూడదు. గరాజ్‌లో ఉన్న కార్లను ముందు రోజు సాయంత్రమే బయటికి తీసేయాలి. డబ్బా దిగాక అవి లోపలే బందీ. ఎక్కడ దించాలో సుద్దముక్కతో డ్రైవ్‌వే మీద గీశాం. డ్రైవరు వచ్చేసరికి మనం ఆఫీసు మీటింగులో ఉంటే అతను తనకు వీలైనచోట దించి పోతాడు.

గరాజ్ తలుపుకి ఎంత దూరంలో దించాలన్నదానికి రెండు లెక్కలున్నాయి. చూరుకి దగ్గరగా ఉంటే పైనుంచి నేరుగా డబ్బాలో పడుతుంది, కింద ఎత్తే పని తగ్గుతుంది. మరీ ఆనించి పెడితే వెనక తలుపు తెరుచుకోదు. లారీ వెనక్కి వచ్చి దించుతుంది కాబట్టి డబ్బా తలుపు ఇంటి వైపే వస్తుంది. పూర్తిగా తెరవాలంటే 8 అడుగులు వదలాలి. షింగిల్స్ పైనుంచి వేసేవే, తలుపుతో పెద్ద పని లేదు. మేం 3 అడుగులు వదిలి, ఆ సందులోకి చెత్త జారకుండా చూరు అంచు నుంచి డబ్బా అంచు మీదకి ఒక ప్లైవుడ్ షీటు వాల్చాం. చూరు వెంట వాన నీరు పట్టే గట్టర్ మీద బరువు పడకుండా ఆ షీటు కింద రెండు కర్రల ఊతం ఇవ్వాలి, లేకపోతే మొదటి గంటలోనే గట్టర్ ఒంగిపోతుంది.

డబ్బా కంటే ముందు రావాల్సిన బండి ఒకటుంది. దాన్ని మేం దాదాపు మర్చిపోయాం. కొత్త షింగిల్స్ తెచ్చే బూమ్ ట్రక్. 34 స్క్వేర్ల రూఫ్‌కి కత్తిరింపుల తరుగు కలిపి 37 స్క్వేర్లు తెప్పించాలి, అంటే 111 కట్టలు. వాటిని కన్వేయర్‌తో నేరుగా రూఫ్ మీదకి ఎక్కిస్తారు. ఆ బండికీ అదే డ్రైవ్‌వే కావాలి. డబ్బా ముందు దిగితే బూమ్ ట్రక్ అందదు, కట్టలు నేల మీదే దించి పోతారు, 111 కట్టలు భుజాల మీద ఎక్కించడానికి లేబర్ విడిగా డబ్బులడుగుతుంది. అందుకని సామాను ముందు రోజు పొద్దున, డబ్బా ముందు రోజు సాయంత్రం, పీకుడు తెల్లవారి ఏడింటికి అని పెట్టుకున్నాం. పీకేటప్పుడు కట్టలు అడ్డం వస్తాయి కదా అంటారా, కొప్పు వెంట పేరిస్తే పనివాళ్లు ఒక వాలు పూర్తిచేసి అటూ ఇటూ జరుపుకుంటారు. ఇది మాత్రం ముందు లేబర్ మేస్త్రీతో మాట్లాడాలి. కొందరు పీకడం అయ్యేదాకా పైన బరువు ఒప్పుకోరు, పుచ్చిన చెక్క ఉన్న ఇంటికి వాళ్లు చెప్పేదే సబబు.

పీకుడు కొప్పు దగ్గర మొదలవుతుంది. పళ్లున్న పారను షింగిల్ కిందకి తోసి, మేకుతో సహా పెళ్లగించి, చాపల్లా కిందికి జారుస్తారు. ఏడెనిమిది మంది ఉంటే 34 స్క్వేర్లు మధ్యాహ్నానికల్లా అయిపోతాయి. ఏసీ కండెన్సర్ మీద, కిటికీల ముందు ప్లైవుడ్ నిలబెట్టాలి, పూలమొక్కల మీద టార్ప్ కప్పాలి. ఏసీ కట్టేసి కప్పాలి సుమా, నడుస్తుండగా కప్పితే కంప్రెసర్ వేడెక్కుతుంది.

డబ్బాలో వేయడానికి కూడా ఒక పద్ధతుంది. పైనుంచి వేసేవాళ్లు ఎప్పుడూ ఇంటి వైపు గోడ పక్కనే వేస్తారు, అక్కడ గుట్ట లేస్తుంది, వీధి వైపు ఖాళీ. బరువంతా వెనక తలుపు దగ్గర పోగైతే లారీ ఎత్తేటప్పుడు ఆ ఇనుప చక్రాల మీద ఇంకా భారం పడుతుంది. ఒక పక్కకి ఒరిగితే డ్రైవరు అసలు ముట్టుకోడు. గంటకోసారి ఒకళ్లు రేక్‌తో ముందుకి లాగి చదును చేయాలి. ప్యాలెట్లు, ఓఎస్‌బీ షీట్లు నిలబెట్టి వేస్తే చోటు తింటాయి. విరగ్గొట్టి అడుగున పడుకోబెట్టాలి. గోడ పై అంచు దాటి ఒక్క ముక్క కూడా పైకి రాకూడదు, దారిలో టార్ప్ కప్పాలి కనుక. దాటితే బండి వట్టి చేతుల్తో వెనక్కి పోతుంది, ఆ వచ్చిపోయినదానికి ట్రిప్ ఛార్జీ మనదే.

వేయకూడనివాటి జాబితా బుకింగ్ కాగితంలో ఉంటుంది: పెయింట్, బ్యాటరీలు, టైర్లు, ఫ్రిజ్, గ్యాస్ సిలిండర్. రూఫ్ పనిలో ఇందులోకి తెలియకుండా వచ్చేది సగం వాడిన రూఫ్ సిమెంట్ బకెట్. తడిగా ఉన్నది పెయింట్ కిందే లెక్క. పాత పైపుల చుట్టూ ఉన్న సీసం బూట్లు, అల్యూమినియం గట్టర్ ముక్కలు, రాగి రేకులు విడిగా తీసి పెట్టండి. పాత ఇనుము కొనేవాళ్లు తీసుకుంటారు, డబ్బాలో బరువూ తగ్గుతుంది. మీ దగ్గర్లో షింగిల్స్‌ని నలగ్గొట్టి రోడ్డు తారులో కలిపే రీసైక్లింగ్ కేంద్రం ఉంటే వట్టి షింగిల్స్ లోడుకి రేటు తక్కువ ఉండొచ్చు, అడిగి చూడండి. చెక్క, ప్లాస్టిక్ కలిస్తే వాళ్లు తీసుకోరు.

ఇక వాన. డబ్బా పైన ఏమీ లేకుండా వదిలేస్తే ఖర్చు అక్షరాలా తడిసి మోపెడవుతుంది. పై నోరు 22 అడుగులకు ఏడున్నర, 165 చదరపు అడుగులు. ఒక్క అంగుళం వాన పడితే అందులోకి దాదాపు 860 పౌండ్ల నీరు చేరుతుంది. వెనక తలుపు సందుల్లోంచి కొంత కారిపోతుంది, ఫెల్ట్, చెక్క, ప్యాలెట్లు మిగతాది పీల్చుకుంటాయి. తూకంలో అది చెత్త కింద లెక్కే. వానలు పడే నెలల్లోనే రూఫ్ పనులు కాబట్టి 20 అడుగులకు 30 అడుగుల టార్ప్ ఒకటి తెచ్చి పెట్టుకోవాలి. ఆ టార్ప్‌కి ఇంకో ప్రయోజనం ఉంది. తెరిచిన డబ్బా వీధిలో కనిపిస్తే రాత్రికి రాత్రి ఎవరి పాత పరుపో, టీవీనో వచ్చి చేరుతుంది. పరుపుకి, టీవీకి కంపెనీలు విడిగా ఛార్జీ వేస్తాయి, ఎవరు వేశారన్నది వాళ్లకు అనవసరం. మేం పీకుడు రోజు సాయంత్రం కప్పాం. మర్నాడు పొద్దున చివరి ముక్కలు వేయడానికి తీసి, మధ్యాహ్నం మళ్లీ కప్పడం మర్చిపోయాం. ఆ సాయంత్రమే అర అంగుళం కురిసింది.

అద్దె ఏడు రోజులకి ఉన్నా అన్ని రోజులు ఉంచుకోనక్కర్లేదు. గడువు అయిందని వాళ్లంతట వాళ్లు రారు, మనం ఫోన్ చేసి రమ్మనాలి. చేసిన రోజే వస్తారన్న నమ్మకం లేదు, ఒకటి రెండు పనిదినాలు పడుతుంది. శుక్రవారం చేస్తే సోమవారమే. ఫోన్ చేసిన తేదీతోనే అద్దె ఆగుతుందా, ఎత్తిన తేదీతోనా అని అడిగి, జవాబు మెసేజ్‌లో తీసుకోండి. ఎత్తే ముందు నాలుగు పక్కలా ఫోటోలు, లోపల పైనుంచి ఒక ఫోటో, డ్రైవ్‌వేకి ముందూ తర్వాతా ఫోటోలు తీసి పెట్టుకోవాలి.

డంపు దగ్గర లారీని లోడుతో ఒకసారి, ఖాళీ చేశాక ఒకసారి తూస్తారు, తేడాయే మన చెత్త. ఆ తూకం చీటీ (స్కేల్ టికెట్) కాపీ అడిగితే ఇస్తారు, అడగకపోతే బిల్లులో టన్నుల అంకె మాత్రం ఉంటుంది. మాది లోడుతో 44,300 పౌండ్లు, ఖాళీగా 34,180, తేడా 10,120, అంటే 5.06 టన్నులు. మేం అనుకున్న 4.8 మీద పావు టన్ను ఎక్కువ. వాన కొంత, అనుకున్న ఎనిమిది షీట్లు పదకొండు కావడం కొంత. 4 టన్నులు పోను 1.06 టన్నుకి 74 డాలర్ల 20 సెంట్లు. మొత్తం 669.20. మొదటి బిల్లులో వాళ్లు అదనాన్ని 2 టన్నులుగా సవరించి 140 వేశారు. భాగాల లెక్కన వేస్తామని రాసిన మెసేజ్, టికెట్ ఫోటో రెండూ పంపాక సరిచేశారు. టికెట్ మీద డబ్బా నంబరు మీ డబ్బా మీద పెయింటు చేసిన నంబరే అయి ఉండాలి, తేదీ ఎత్తిన రోజుదే అయి ఉండాలి. రూఫ్ ఇన్సూరెన్స్ క్లెయిమ్ మీద చేయిస్తున్నవాళ్లు ఈ బిల్లు దాచుకోవాలి, పాతబడ్డ రూఫ్ తరుగు కింద ఇన్సూరెన్స్ కంపెనీ పట్టి ఉంచిన డబ్బు రాబట్టుకునేటప్పుడు నిజంగా ఖర్చయిందని చూపించడానికి కావాలి. డిడక్టిబుల్‌ని (క్లెయిమ్‌లో మనం కట్టాల్సిన వాటాని) డంప్‌స్టర్ ఖర్చులో సర్దేస్తామని ఎవరైనా అంటే ఆ మాట అక్కడే ఆపేయండి, టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ 1 నుంచి డిడక్టిబుల్ మాఫీ చేయడం చట్టవిరుద్ధం.

మిగిలింది మేకులు. ఒక స్క్వేర్‌లో సుమారు 66 షింగిల్స్, ఒక్కోదానికి నాలుగు మేకులు, 34 స్క్వేర్లకు దాదాపు 9 వేలు. గాలి ఎక్కువ ఉండే చోట ఒక్కోదానికి ఆరు కొడతారు, అప్పుడు 13 వేల పైమాటే. అందులో నూటికి ఒక్కటి డబ్బా బయట పడ్డా 90 మేకులు గడ్డిలో ఉన్నట్టు. చక్రాల మాగ్నెట్‌తో పనివాళ్లు ఒకసారి తిప్పుతారు. డబ్బా పోయాక దాని అడుగున, ప్లైవుడ్ పలకల కింద తిప్పాలని వాళ్లకు గుర్తుండదు, అప్పటికి వాళ్లు వెళ్లిపోయి ఉంటారు. మాగ్నెట్ 30 డాలర్ల లోపే దొరుకుతుంది, ఒకటి కొనండి. గడ్డి పొడిగా ఉన్నప్పుడు, లాన్ కోసే ముందు, నిలువుగా ఒకసారి అడ్డంగా ఒకసారి తిప్పాలి. మాకు డబ్బా ఉన్న చోటనే 23 దొరికాయి, గట్టర్ గొట్టాల కింద మూలల్లో ఇంకో 14. గట్టర్ లోపల పడ్డవి వానకి కొట్టుకొచ్చి అక్కడ చేరతాయి, అందుకని మొదటి పెద్ద వాన తర్వాత ఆ మూలల్లో మరోసారి తిప్పాలి.